తిరుపతి నుంచి తలకోనకు ఒకరోజు అడవి యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతికి వచ్చేవారిలో చాలామందికి శేషాచలం అంటే అలిపిరి, మెట్లదారి, ఘాట్ రోడ్డు, ఆనందనిలయం. దర్శనం అయ్యాక దిగివచ్చి రైలెక్కుతారు. ఆ కొండల వరుస తిరుమలతో ఆగదు. కడప వైపు సాగిపోతూ తన మడతల్లో కోనలను, మడుగులను, మరే దేశంలోనూ సహజంగా పెరగని చెట్లను దాచుకుంది. మేము తీసుకువెళ్ళేది ఆ వైపుకు. చిన్న బృందం, ఒక్క పగటిపూట. చోటు ఖాయం చేసుకునే ముందు ఫోనులో అందరూ అడిగే ప్రశ్నలనూ, నేను ఇచ్చే జవాబులనూ ఇక్కడ రాసి పెట్టాను. నీళ్ళ గురించి, జంతువుల గురించి రాసిన జవాబులు కాస్త పొడవు. వాటిని దయచేసి దాటేయకండి.

ఈ యాత్రలో ఏమేమి చూస్తాం?

ముఖ్యంగా తలకోన. తిరుపతికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, నెరబైలు ఊరు దాటాక, శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం పరిధిలో ఉంటుంది. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం అది. దాని కింద మడుగు, చుట్టూ రాతి గోడ, ఆ గోడను పట్టుకుని వేలాడే చెట్లు. జలపాతానికి వెళ్ళే ముందు సిద్ధేశ్వరస్వామి ఆలయం వస్తుంది. శేషాచలం పడగ విప్పిన ఆదిశేషుడైతే ఇది ఆయన తల అని, అందుకే తలకోన అన్నారని ఇక్కడి పెద్దలు చెబుతారు.

వెళ్ళేటప్పుడు చంద్రగిరి దాటాక ఒకచోట ఆగి, తెల్లవారే వెలుగులో కొండల గోడను చూస్తాం. వచ్చేటప్పుడు వేళ మిగిలితే చంద్రగిరి కోట దగ్గర అరగంట ఆగుతాం. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో అది ఒకటి. అయితే కోటను నిదానంగా చూడాలంటే మరో రోజు పెట్టుకోవడమే మంచిది. అడవిలో అలిసిపోయి వచ్చిన కాళ్ళతో రాజమహల్‌కు న్యాయం చేయలేం.

ఎన్ని గంటలకు బయలుదేరాలి? అంత తెల్లవారుజామున ఎందుకు?

ఉదయం 5:30కు తిరుపతి వదులుతాం. మీరు దిగిన బస దగ్గరికే వాహనం వస్తుంది. సాయంత్రం 6 గంటలకల్లా తిరిగి ఊళ్ళో ఉంటాం.

ఈ వేళలను మార్చమని చాలామంది అడుగుతారు. ఎనిమిదింటికి బయలుదేరితే మేము చేరేసరికి పది దాటుతుంది. అప్పటికి పక్షులు సద్దుమణుగుతాయి, ఎండ ఎక్కుతుంది, జలపాతం దగ్గర జనం చేరతారు. ఏడున్నరకు అడవిలో నిలబడితే మాత్రం మంచు ఇంకా ఆకుల మీదే ఉంటుంది. అడవి కోడి కూత కోన అంతా వినిపిస్తుంది. ఆ ఒక్క గంట కోసమే నేను ఈ పని చేస్తున్నానని చెప్పినా తప్పు లేదు.

సాయంత్రం తొందరకు కారణం వేరు. భాకరాపేట ఘాట్‌లో మలుపులు బిగువుగా ఉంటాయి. 2022 మార్చిలో ఒక రాత్రి నిశ్చితార్థానికి వస్తున్న వారి బస్సు ఆ ఘాట్‌లోనే లోయలో పడింది. చీకటి పడకముందే ఆ ఘాట్ దాటాలన్నది మా నియమం. ఇంకో పది నిమిషాలు ఉందామని ఎవరు అడిగినా దీనిని సడలించం.

దర్శనం ఉన్న రోజునే ఈ యాత్ర పెట్టుకోవచ్చా?

వద్దు. దర్శనం టికెట్టు మీద ఏ వేళ రాసి ఉన్నా, క్యూలో ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. దర్శనం ముగించుకుని ఒక రాత్రి నిద్రపోయి, మరునాడు రండి. ముందు అడవి, తరువాత దర్శనం అనుకునేవారు కూడా మధ్యలో ఒక రాత్రి వదలండి. తడిసి, అలిసి, గడియారం చూసుకుంటూ అడవిలో తిరిగినవారికి ఏమీ కనిపించదు.

జలపాతంలో నీళ్ళు ఏ నెలల్లో బాగా ఉంటాయి?

ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వకపోతే మీరు నిరాశపడతారు, నేను బాధపడతాను. డిసెంబరులో తీసిన ఫోటో చూసి మే నెలలో వచ్చినవారి ముఖాలను నేను చూశాను.

మన దగ్గర నైరుతి వానల కంటే ఈశాన్య వానలే కొండలను నింపుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా శేషాచలం మీద కుండపోత. ఆ నెలల్లో తలకోన జలపాతం తెల్లటి స్తంభంలా నిలబడి పడుతుంది. దగ్గరికి వెళ్తే మాట వినిపించదు, తుంపరకే బట్టలు తడుస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో ధార సన్నబడుతుంది, నీరు తేటపడుతుంది. మార్చి తరువాత పాయలు పాయలుగా రాతిని అంటుకుని జారుతుంది. నడివేసవిలో జల్లుగా మిగులుతుంది.

అంత ఎండలోనూ కొద్దో గొప్పో నీరు ఎందుకు ఉంటుందో తెలుసుకుంటే ఈ చోటు మీద గౌరవం పెరుగుతుంది. కొండ పైభాగమంతా క్వార్ట్‌జైట్ అనే రాయి. ఇనుములా గట్టిది, కానీ నిలువునా అడ్డంగా పగుళ్ళు ఎక్కువ. పైన అడవి రాల్చిన ఆకుల పొర వానను ఒక్కసారిగా పారిపోనివ్వదు. నీరు మెల్లగా ఆ పగుళ్ళలోకి ఇంకి, నెలల తరబడి ఊటగా బయటికి వస్తుంది. అంటే ఫిబ్రవరిలో మీరు దోసిలి పట్టే నీళ్ళు నవంబరులో కురిసినవి కావచ్చు. అడవి పలచబడితే ఆ ఊట తగ్గుతుంది. నన్ను ఒక్క నెల ఎంచుకోమంటే జనవరి రెండో సగం అంటాను. నీరు తగినంత ఉంటుంది, ఆ హోరు పక్షుల గొంతును మింగేయదు.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు మేము ఈ యాత్ర నడపం.

వాన పడుతుంటే వెళ్తామా?

జల్లు అయితే వెళ్తాం. వాతావరణ శాఖ భారీ వర్షం హెచ్చరిక ఇచ్చినా, అటవీ శాఖ చెక్‌పోస్టు మూసినా వెళ్ళం.

ఒక నవంబరు మధ్యాహ్నం జరిగింది చెబుతాను. మేము వాగు పక్కన బండ మీద కూర్చుని భోజనం చేస్తున్నాం. మా నెత్తిన ఎండ కాస్తోంది. కాళ్ళ దగ్గర పారుతున్న నీళ్ళు ఉన్నట్టుండి టీ రంగుకు తిరిగాయి. తరువాత ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొచ్చాయి. పైన ఎక్కడో మాకు కనిపించని చోట వాన పడుతోందని అర్థమై, అన్నాలు వదిలేసి అందరినీ గట్టు ఎక్కించాను. ఇద్దరు విసుక్కున్నారు. ఇరవై నిమిషాలు గడవకముందే మేము కూర్చున్న బండ నీళ్ళ కింద ఉంది. కోనలో వరద ఇలాగే వస్తుంది. ఆకాశం చూసి తెలుసుకోలేం, నీటి రంగు చూసి తెలుసుకోవాలి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైనప్పుడు, తిరుమల ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడినప్పుడు ఆ నీళ్ళ బలం ఊరంతా చూసింది.

అందుకే అడవిలో ఉన్నప్పుడు గైడు లేవమంటే లేవండి. కారణం తరువాత అడగండి.

జలపాతం కింద స్నానం చేయవచ్చా? ఈత కొట్టవచ్చా?

అటవీ సిబ్బంది అనుమతించిన రోజున, అనుమతించిన చోట, నడుము లోతు దాటకుండా స్నానం చేయవచ్చు. మడుగులో ఈత వద్దు. మీకు ఎంత బాగా ఈత వచ్చినా వద్దు. చెరువు వేరు, బావి వేరు, జలపాతం కింది మడుగు వేరు. పైనుంచి పడే నీరు అడుగుకు లాగి, బండల కిందికి తోస్తుంది. అడుగున రాళ్ళ మధ్య సందులు ఉంటాయి. అందులో కాలు ఇరుక్కుంటే గజ ఈతగాడు కూడా పైకి రాలేడు.

బండల మీది పాచి మరో ప్రమాదం. నల్లగా మెరిసే బండ మీద కాలు పెట్టకండి, గరుకుగా తెల్లగా ఉన్న బండ చూసి పెట్టండి. జలపాతం తల దగ్గరికి ఎక్కి కిందికి తొంగి చూడాలని కుర్రవాళ్ళు అడుగుతారు. ఆ పని మేము చేయం, చేయనివ్వం. మద్యం తాగి వచ్చినవారిని వాహనంలోనే ఎక్కించుకోం. ఈ జిల్లాలో జలపాతాల దగ్గర పోయిన ప్రాణాలలో పాతికేళ్ళ లోపు పిల్లలవీ ఉన్నాయి. వారి తల్లిదండ్రులను తలచుకునే ఇంత కఠినంగా రాస్తున్నాను.

నడక ఎంత ఉంటుంది? పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు రాగలరా?

ఆలయం దగ్గర వాహనం ఆగాక, జలపాతానికి వెళ్ళి రావడం, మధ్యలో ఆగి చూడటం కలిపి మూడు గంటలు పెట్టుకుంటాం. కొంత దూరం మెట్లు, ఆపైన చెట్ల వేళ్ళు, రాళ్ళు. తిరుమల మెట్లదారిని మోకాళ్ళ పర్వతం దాకా ఆగకుండా ఎక్కగలిగినవారికి ఇది సులువు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు ఆలయం దగ్గర చెట్ల నీడలో కూర్చోవచ్చు. అక్కడా వాగు చప్పుడు వినిపిస్తుంది, పక్షులు వస్తాయి, మా మనిషి ఒకరు తోడుగా ఉంటారు.

ఆరేళ్ళ లోపు పిల్లలను ఈ యాత్రకు తీసుకురావద్దని కోరుతున్నాను. పెద్ద పిల్లలైనా ముందుకు పరుగెత్తకుండా, వెనక మిగలకుండా బృందం మధ్యలో నడవాలి. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిలో ఒక చిన్నారిని చిరుతపులి ఎత్తుకుపోయిన విషాదం మనందరికీ తెలుసు. అది వేల మంది నడిచే దారి. ఇది అంతకంటే నిర్జనమైన అడవి.

పులి కనిపిస్తుందా? ఏ జంతువులు చూస్తాం?

పెద్దపులుల అడవి నల్లమల. శేషాచలంలో మీరు వినేది చిరుతపులి సంగతి. అది మిమ్మల్ని చూస్తుంది, మీకు కనిపించదు. అలా కనిపించకపోవడమే మనకూ దానికీ మంచిది.

ఈ అడవిలో ఎలుగుబంట్లు, రేసుకుక్కలు, కణితులనే పెద్ద జింకలు, దుప్పులు, నాలుగు కొమ్ముల కొండగొర్రెలు, ముళ్ళపందులు, ఒంటినిండా పొలుసులుండే అలుగులు ఉన్నాయి. ఇవన్నీ కనిపిస్తాయని మాట ఇస్తే అది అబద్ధం అవుతుంది. జంతువులను తప్పకుండా చూడాలన్న పట్టుదల పిల్లలకు ఉంటే, తిరుపతిలోనే 1987లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు ఒక పూట తీసుకువెళ్ళండి. విశాలమైన చోటు, కొండల నేపథ్యం, పిల్లలు సంతోషిస్తారు.

తలకోనలో ఓపిక ఉన్నవారికి తరచుగా దర్శనమిచ్చేది బెట్టుడుత. మన ఇంటి చూరు మీద తిరిగే ఉడుతకు ఎన్నో రెట్ల పెద్దది. ముదురు ఎరుపు, నలుపు కలిసిన ఒళ్ళు, ఒంటికంటే పొడవైన కుచ్చు తోక. చెట్టు నుంచి చెట్టుకు దూకేటప్పుడు కొమ్మ ఊగడం ముందు కనిపిస్తుంది, తరువాత అది కనిపిస్తుంది. నేలకు దిగడం చాలా అరుదు. అందుకే తలలు పైకెత్తి నడవమంటాను, అడుగు వేసేటప్పుడు మాత్రం ఆగి కిందికి చూడమంటాను.

రాత్రి మాత్రమే తిరిగే రెండు జీవుల గురించి దారిలో తప్పకుండా చెబుతాను. ఒకటి దేవాంగపిల్లి. పేరులో పిల్లి ఉన్నా అది కోతుల చుట్టం. పిడికెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు, ముఖమంతా కళ్ళు. పురుగులు తిని బతుకుతుంది. దాని మీద ఉన్న మూఢనమ్మకాల వల్ల, క్షుద్రపూజల పేరిట జరిగే దొంగ వేట వల్ల అది పడే హింస తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. రెండోది బంగారు బల్లి. కంచిలో భక్తులు తాకే బల్లి లోహపు బొమ్మ, ఇది ప్రాణమున్న బల్లి. తూర్పు కనుమల్లో తడి రాతి చీలికల్లో ఉంటుంది, మగదాని ఒళ్ళు నిజంగానే పసిడి రంగు. మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా పనిచేసిన బెడ్డోమ్ 1870లో దీనిని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఈ కొండల్లోనే పెరిగే, చూడటానికి చిన్న ఈత చెట్టులా ఉండే ఒక అరుదైన మొక్కకు ఆయన పేరే పెట్టారు. దాని పేరు సైకస్ బెడ్డోమి. రాక్షసబల్లుల కాలం నాటి మొక్కల వంశం అది. అంతర్జాతీయంగా దాని వ్యాపారం నిషిద్ధం.

పక్షులను ఇష్టపడేవారు నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రండి. దుర్భిణి తెచ్చుకోండి. కలివికోడిని చూపిస్తారా అని కొందరు అడుగుతారు. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ కనిపించింది కడప జిల్లా లంకమల అడవుల్లో. ఈ యాత్రకు ఆ చోటుతో సంబంధం లేదు.

ఏనుగులు ఎదురైతే?

చిత్తూరు జిల్లాలోకి ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి తిరిగి వచ్చాయి. వాటి కోసమే 1990లో పలమనేరు, కుప్పం ప్రాంతంలో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత కొన్ని గుంపులు శేషాచలం దాకా వచ్చాయి. కాబట్టి తలకోన దారిలో ఏనుగు ఎదురుపడటం అసాధ్యమేమీ కాదు. ఏ రోజు ఏ వైపు కదలిక ఉందో బయలుదేరే ముందు రోజు అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకుంటాం. కదలిక ఉంటే యాత్ర ఆగిపోతుంది.

ఎదురైతే నిశ్శబ్దంగా వెనక్కి తగ్గడం, గైడు చెప్పిన వైపు నడవడం. అరుపులు, ఈలలు, ఫోటో ఫ్లాష్ వద్దు. చేతికొచ్చిన మామిడి తోటను, చెరకును ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న రైతులు ఈ జిల్లాలో ఉన్నారు. వారి ముందు ఏనుగు ముచ్చట్లు వేడుకగా మాట్లాడకండి.

ఎర్రచందనం చెట్టు చూపిస్తారా? చిన్న ముక్క కొనుక్కోవచ్చా?

చూపిస్తాను. కొనడం, ఏరుకోవడం మాత్రం కుదరదు. నేల మీద పడి ఉన్న పుల్ల ముక్క అయినా నేరమే.

ఎర్రచందనాన్ని గుర్తుపట్టడం సులువు. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి నల్లగా ఉంటుంది. ఒక్కో ఈనెకు ఎక్కువగా మూడు ఆకులు. కాయ గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో అప్పడంలా ఉంటుంది, గాలికి ఎగిరి దూరంగా పడటానికి ఆ ఏర్పాటు. వేసవిలో పసుపు పూలు పూస్తుంది. పైకి చూస్తే సాధారణమైన చెట్టు. లోపలి చేవ మాత్రం నెత్తుటి రంగు. శేషాచలం, వెలిగొండ, పాలకొండ, లంకమల, నల్లమల దక్షిణ కొస. సహజంగా పెరిగేది ఇంతవరకే. ఈ రాతి నేల, ఈ ఎండ, ఈ కొద్దిపాటి వాన దానికి కావాలి. చేవ పట్టడానికి దశాబ్దాలు పడుతుంది.

మా అమ్మమ్మ ఇంట్లో బొమ్మల కొలువులో ఎర్రచందనం రాజూ రాణీ బొమ్మలు ఉండేవి. తిరుపతిలో కొన్నవే. పసిపిల్లలకు ఒంటి మీద వేడి పొక్కులు వస్తే ఆ బొమ్మను సాన మీద అరగదీసి గంధం పూసేవారు. ఇంట్లో మనిషిలా ఉన్న ఆ చెట్టు ఇవాళ దుంగల లెక్కన, టన్నుల లెక్కన వార్తల్లోకి ఎక్కుతోంది. అడవిలో గొడ్డలి చప్పుడు వినిపించినా, నరికిన మొద్దు కనిపించినా ఫోటోలు తీస్తూ అటు వెళ్ళకండి. వెంటనే నాకు చెప్పండి. నేను అటవీ శాఖకు చెబుతాను.

కొండల దృశ్యం ఎక్కడ బాగుంటుంది?

ముందు చెప్పిన చోటనే, చంద్రగిరి దాటాక. తూర్పు నుంచి వెలుగు పడగానే కొండ మీద రెండు రకాల రాయి స్పష్టంగా విడిపోతుంది. కింద వాలుగా, పొదలతో ఉన్నది గ్రానైట్. దాని మీద కోట గోడలా నిటారుగా, ఎర్రటి ఛాయతో లేచినది క్వార్ట్‌జైట్. ఈ రెండు రాళ్ళు కలిసే గీత దగ్గర సుమారు 80 కోట్ల సంవత్సరాల ఎడం ఉంది. కింది రాయి ఏర్పడి, అరిగి, చదునై, అంత కాలం గడిచాక దాని మీద ఇసుక పేరుకుని పై రాయి అయింది. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ కలయిక బయటపడిన చోటును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. తిరుమల మీద చక్రతీర్థం దగ్గరి శిలాతోరణం కూడా అలాంటి స్మారకమే. మీరు తిరుమలకు వెళ్ళినప్పుడు బస్సు కిటికీలోంచి ఆ రాతి పొరలను చూడండి.

భాకరాపేట ఘాట్ పైనుంచి కనిపించే లోయ కూడా బాగుంటుంది. కానీ అక్కడ వాహనం ఆపడం క్షేమం కాదు కనుక ఆపం.

చెట్ల మీద తాళ్ళ వంతెన ఉందట కదా?

చెట్ల కొమ్మల ఎత్తున తాళ్ళతో కట్టిన నడక దారి తలకోనలో ఉంది. మరమ్మతుల కోసం, వానల కోసం దానిని మూసివేస్తుంటారు. తెరిచి ఉంటే ఎక్కుదాం. దాని కోసమే రాకండి. నాకు దానికంటే కింద నేల మీద నిలబడి గిల్లతీగను చూడటం ఇష్టం. మనిషి తొడంత లావున మెలికలు తిరిగి, ఒక చెట్టు పట్టుకుని మరో చెట్టు మీదికి పాకి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియనివ్వదు.

భోజనం సంగతి?

పొద్దున్న ఇడ్లీ, వేరుశనగ పచ్చడి దారిలో. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం, ఊరగాయ. రాగి సంగటి కావాలంటే ముందు రోజు చెప్పండి, దారిలోని ఊళ్ళో ఒక ఇంటివారు చేసి ఇస్తారు. మాంసాహారం ఈ యాత్రలో ఉండదు. అడవిలో పొయ్యి వెలిగించం. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడితే మంటలు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. సిగరెట్లు, అగ్గిపెట్టెలు వాహనంలోనే వదిలి దిగాలి.

ఏమేమి తెచ్చుకోవాలి?

పట్టు ఉన్న పాత బూట్లు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు, తువ్వాలు, టోపీ, రోజూ వేసుకునే మందులు. నీళ్ళు స్టీలు సీసాలో. మట్టి రంగు, ఆకుపచ్చ రంగు బట్టలైతే మేలు. కొత్త చెప్పులు, అత్తరు, పాటలు పెట్టే స్పీకరు వద్దు. ప్లాస్టిక్ సంచులను, పొట్లాలను చెక్‌పోస్టు దగ్గరే ఆపేస్తారు. చిరుతిళ్ళను బట్ట సంచిలో మూసి పెట్టండి. ఆలయం దగ్గర కోతులు చేతిలోంచి లాక్కుంటాయి. వాటికి ఏమీ పెట్టకండి. మనం పెట్టిన అరటిపండే వాటికి లాక్కోవడం నేర్పింది.

పాము కరిస్తే, దెబ్బ తగిలితే?

నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఈ అడవిలో ఉన్నాయి. మనం దారి వదలకపోతే, చేతులు పొదల్లో పెట్టకపోతే అవి మన జోలికి రావు. ఒకవేళ కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చేయం. కరిచిన చోటును కదలనివ్వకుండా మోసుకుని వాహనం దగ్గరికి చేర్చి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్తాం. తిరుపతిలో రుయా, స్విమ్స్ పెద్ద ఆసుపత్రులు. వాహనం ఎప్పుడూ తిరుపతి వైపు ముఖం పెట్టి, డ్రైవరు దగ్గరే ఉండేలా నిలుపుతాం. కోనలో ఫోను సిగ్నల్ చాలావరకు అందదు. ఇంట్లోవారికి ఆ సంగతి ముందే చెప్పి రండి, కంగారుపడతారు.

గైడు లేకుండా మేమే వెళ్ళలేమా?

నిస్సంకోచంగా వెళ్ళవచ్చు. మదనపల్లె రోడ్డులో భాకరాపేట దాకా బస్సులు బాగా ఉంటాయి. అక్కడి నుంచి నెరబైలు మీదుగా వెళ్ళాలి, ఆ భాగానికి సొంత వాహనమో ఆటోనో ఉంటే సుఖం. ప్రవేశ రుసుము అటవీ శాఖ చెక్‌పోస్టులో కట్టాలి. మహాశివరాత్రికి సిద్ధేశ్వరస్వామి ఆలయానికి జనం పోటెత్తుతారు. భక్తి కోసమైతే ఆ రోజు, అడవి కోసమైతే మరే రోజైనా. మా అవసరం ఎక్కడ ఉందంటే, మీరు తిన్నగా జలపాతానికి నడిచి వెళ్ళిపోయే దారిలో నలభై చోట్ల ఆపి చూపించడంలో.

తలకోన కాకుండా ఇంకే జలపాతానికి తీసుకువెళ్తారు?

పెద్దవాళ్ళతో వచ్చే కుటుంబాలకు కైలాసకోన. పుత్తూరు, నారాయణవనం దగ్గర. నడక తక్కువ, ఏడాది పొడవునా నీరు, దారిలో నగరి ముక్కు కొండ కనిపిస్తుంది. కపిలతీర్థానికి మా అవసరం లేదు. ఊళ్ళోనే ఉంది, గట్టి వాన పడిన మరునాడు వెళ్తే కొండ మీది నుంచి నీళ్ళు నేరుగా కోనేట్లోకి దూకుతూ కనిపిస్తాయి. కడప దారిలోని మామండూరు అడవికి అనుమతి దొరికిన రోజుల్లో పక్షుల కోసం వెళ్తాం.

వరదయ్యపాళెం దగ్గరి ఉబ్బలమడుగుకు తీసుకువెళ్ళం. అందమైన చోటు, కానీ మడుగులు లోతు, నడక పొడవు, ప్రాణాలు పోయిన చోటు. పలమనేరు, కుప్పం దారిలోని కైగల్ ఏనుగుల ప్రాంతంలో ఉంది, తిరుపతి నుంచి ఒక్క రోజులో హడావిడి అవుతుంది. హార్సిలీ కొండకు కూడా అదే మాట. నాలుగు వేల అడుగులకు పైగా ఎత్తున్న ఆ చోట ఒక రాత్రి ఉండి తెల్లవారడం చూడాలి.

తుంబురు తీర్థానికి తీసుకువెళ్తారా?

అది యాత్రా సంస్థలు తీసుకువెళ్ళే చోటు కాదు. తిరుమల అడవుల్లోని తీర్థాలకు ముక్కోటి అనే పర్వదినాల్లో దేవస్థానం ఏర్పాట్లతో భక్తులు వెళ్తారు. రామకృష్ణ తీర్థానికి పుష్య పౌర్ణమి, కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురుకు ఫాల్గుణ పౌర్ణమి. ఆ ఏడాది అనుమతి ఉందో లేదో దేవస్థానం ప్రకటన చూసుకుని వెళ్ళండి. మిగతా రోజుల్లో దొంగదారిన తీసుకువెళ్తామని ఎవరైనా చెబితే నమ్మకండి.

యాత్ర ఆగిపోతే డబ్బు?

వాన వల్ల, ఏనుగుల వల్ల, అటవీ శాఖ మూసివేత వల్ల ఆగితే మొత్తం తిరిగి ఇస్తాం, లేదా మీరు కోరిన మరో తేదీ ఇస్తాం. చెక్‌పోస్టు దాకా వెళ్ళి వెనక్కి రావలసి వస్తే వాహనం ఖర్చు మాత్రం పట్టుకుంటాం. జంతువులు కనిపించలేదని, నీరు తక్కువగా ఉందని తిరిగి ఇవ్వలేం.

ఫోటోలు, డ్రోన్లు?

డ్రోన్ తేవద్దు, జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఫోటోలు ఎన్నైనా తీసుకోండి. బెట్టుడుత గూడునో, రాతి చీలికలో బంగారు బల్లినో, బాగా చేవ పట్టిన ఎర్రచందనాన్నో ఫోటో తీస్తే మాత్రం ఒక్క మాట వినండి. దానిని నలుగురితో పంచుకునేటప్పుడు అది ఏ వాగు పక్కన, ఏ మలుపు దగ్గర ఉందో రాయకండి. ఫోనులో లొకేషన్ ఆపి తీయండి. ఎలా ఆపాలో తెలియకపోతే చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు నాకు ఇవ్వండి, చూపిస్తాను.